వేలికి తగ్గట్టు హార్మోనియం మెట్లు సర్దుకోవడం: విప్పిన దగ్గర్నుంచి బిగించేదాకా

మెట్లు బరువుగా ఉన్నాయని ఎవరన్నా అనగానే చాలామంది రిపేరు చేసేవాళ్ళు మొదట చేసే పని స్ప్రింగులు వంచేయడం. అరగంటలో అయిపోతుంది. కూర్చుని వాయించి చూస్తే వేళ్ళు హాయిగా పరిగెడతాయి. ఆ పెట్టెని తీసుకెళ్ళి స్టేజీ పక్కన పెట్టి, నటుడు పద్యం ఎత్తుకున్నాక ఎడమ చేత్తో బెల్లోస్ (గాలి కొట్టే తిత్తి) గట్టిగా వేసేసరికి, వేలు పెట్టని స్వరం ఒకటి కుయ్‌మని మొదలవుతుంది. ఇక పద్యం అయ్యేదాకా అది ఆగదు. హార్మోనిస్టుకి టెన్షన్, పాడేవాడికి చిరాకు.

మెట్టుని ఎంత తేలిక చేసుకోవచ్చో చెప్పేది స్ప్రింగు కాదు, మెట్టు వెనక కొస కింద అంటించిన తోలు. తోలు తన కింద ఉన్న గాలి రంధ్రాన్ని బాగా మూస్తుంటే కొంచెం స్ప్రింగుతోనే పని జరుగుతుంది. సరిగా మూయకపోతే ఎంత స్ప్రింగు పెట్టినా గాలి కారుతూనే ఉంటుంది, పైగా వేళ్ళు నొప్పి పుడతాయి. అందుకే కింద చెప్పే వరసలో స్ప్రింగు దాదాపు ఆఖరున వస్తుంది. ఈ వరస మార్చొద్దు.

లోపల జరిగేదేమిటి

మామూలు చేతి హార్మోనియంలో మెట్టు పిల్లలు చెరో కొసన కూర్చుని ఎక్కుతూ దిగుతూ ఆడుకునే బల్ల లాంటిది. మధ్యలో ఇరుసు. ముందు కొస మనం నొక్కేది, వెనక కొస కింద తోలు అంటించిన మూత. మనం నొక్కితే వెనక మూత లేస్తుంది, గాలి రీడు (గాలికి అదిరి పలికే లోహపు నాలిక) గుండా బయటికొచ్చి పలుకుతుంది. వేలు తీయగానే స్ప్రింగు మూతని మళ్ళీ రంధ్రం మీద కూర్చోబెడుతుంది. ఎక్కువ పెట్టెల్లో స్ప్రింగు మెట్టు వెనక భాగాన్ని పైనుంచి అదుముతుంది. కొన్నిట్లో ముందు భాగాన్ని కిందనుంచి ఎత్తిపడుతుంది. రెండిటి పనీ ఒకటే.

గమనించాల్సింది ఇంకోటుంది. మన హార్మోనియంలో గాలి లోపల్నుంచి బయటికి తోస్తుంది, అంటే మూతని ఎప్పుడూ పైకే నెడుతూ ఉంటుంది. మాటవరసకి బెల్లోస్ ఒత్తిడి నీటి మట్టాన్ని 5 సెంటీమీటర్లు ఎత్తేంత ఉందనుకోండి. రంధ్రం 3 చదరపు సెంటీమీటర్లు ఉంటే మూత మీద పడే తోపు 15 గ్రాములు. మెత్తగా వాయించేవాడికి ఇది సగమే ఉండొచ్చు, నాటకాల్లో దంచి కొట్టేవాడికి ఇంకా పెరుగుతుంది. స్ప్రింగు ఆ తోపుని తట్టుకుని పైన కొంత మిగలాలి. ఒకే పెట్టె ఒకరి చేతిలో బుద్ధిగా పలికి, ఇంకొకరి చేతిలో ఊరికే కూయడానికి కారణం ఇదే.

పియానో సంగతి వేరు. గ్రాండ్ పియానోలో మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగేలా, 50 గ్రాములకి కాస్త అటూ ఇటూగా కదిలేలా సర్దుతారు. గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. హార్మోనియంలో వేలు ఎంత బలంగా దించినా శబ్దం పెరగదు, పెంచేది బెల్లోసే. కీబోర్డు మీద నేర్చుకుని వచ్చిన పిల్లలు దీన్ని దబదబా బాదుతుంటారు. వాళ్ళ పెట్టెలో ముందు అరిగేది మెట్టు కింద ఫెల్టు (మెత్తటి ఉన్ని గుడ్డ పట్టీ).

1. ముందు వాయించేవాళ్ళని కూర్చోబెట్టండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పావుగంట వాళ్ళు వాయిస్తుంటే చూడండి. మూడు విషయాలు చూడాలి: బెల్లోస్ ఎంత బలంగా వేస్తున్నారు, ఏ శ్రుతిలో వాయిస్తున్నారు, వేళ్ళు మెట్ల మీద ఆనించి ఉంచుతారా లేక ఎత్తి కొడతారా.

శ్రుతి ఎందుకంటే, పనంతా ఏ మెట్ల మీద పడుతుందో అదే చెబుతుంది. ఒకటిన్నర శ్రుతిలో (సా సి షార్ప్ మెట్టు మీద) శంకరాభరణం వాయిస్తే ఏడు స్వరాల్లో ఐదు నల్ల మెట్ల మీదే పడతాయి, గాంధారం, నిషాదం మాత్రమే తెల్లవి. అదే నాలుగు శ్రుతిలో (సా ఎఫ్ మెట్టు మీద) అయితే మధ్యమం ఒక్కటే నల్లది. ఒకటిన్నర మనిషికి తెల్ల మెట్లన్నీ చక్కగా సర్ది నల్లవాటిని వదిలేస్తే ఆయనకి ఏం మారినట్టు అనిపించదు. నల్ల మెట్టు మనం నొక్కే చోటు ఇరుసుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, అదే స్ప్రింగుకి అది తెల్లదానికంటే బరువుగా తగులుతుంది. దాన్ని విడిగా చూసుకోవాలి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు పెట్టె పట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువగా నాలుగు రకాలు. పద్యనాటకాల హార్మోనిస్టులు: గాలి బలం ఎక్కువ, సంగతులు వేగం. వీళ్ళకి స్ప్రింగు మరీ తగ్గించకూడదు, మెట్టు లోతు తగ్గించాలి. భజన మండళ్ళవాళ్ళు: ఏకాహం, సప్తాహం అంటే గంటల తరబడి వాయిస్తారు, గాలి మాత్రం మోస్తరే. వీళ్ళకి తేలిక చేయొచ్చు. చర్చిలో వాయించేవాళ్ళు ఒకేసారి మూడు మెట్లు నొక్కుతారు, తేలికతనం కంటే అన్నీ ఒకే లెవెల్లో, ఒకేసారి పలకడం వాళ్ళకి ముఖ్యం. ఇక నేర్చుకునే పిల్లలు. వాళ్ళకి మరీ తేలిక చేస్తే ఆనించిన వేలికే స్వరం పలికేసి, ఎక్కడ నొక్కారో వాళ్ళకే తెలియదు.

ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టె మీదే పిల్లలు నేర్చుకోవడం మన దగ్గర మామూలే. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు కూడా హరికథలు చెప్పే తండ్రి సాంబమూర్తిగారి పాట వింటూ చిన్నప్పుడే హార్మోనియం, వేణువు సొంతంగా పట్టుకున్నారు. ఇద్దరు వాడే పెట్టె అయితే పెద్దాయన గాలి బలాన్ని బట్టి స్ప్రింగు పెట్టండి, పిల్లవాడి వేలిని బట్టి లోతు పెట్టండి.

2. గాలి కారుతుందేమో చూడండి

స్టాపులన్నీ (రీడ్లకి గాలి తెరిచే, మూసే గుబ్బలు) మూసి, బెల్లోస్ నిండా వేసి చేయి తీసేయండి. లోపలి తిత్తి అర నిమిషం దాటి నిలబడితే మంచిదే. ఇప్పుడు స్టాపులు లాగి, మెట్టు ఏదీ నొక్కకుండా మళ్ళీ అలాగే చేయండి. మొదటిసారి నిలబడి రెండోసారి గబుక్కున దిగిపోతే గాలి పోతున్నది మెట్ల కిందే. రెండుసార్లూ దిగిపోతే లోపం తిత్తిలోనో అతుకుల్లోనో ఉంది. అది బాగుచేయకుండా మెట్ల జోలికి వెళ్ళడం దండగ, ఎందుకంటే వాయించేవాళ్ళు తగ్గిన గాలిని ఎక్కువ బలంతో పూడ్చుకుంటారు, మీ లెక్కలన్నీ తప్పుతాయి.

3. విప్పడం, శుభ్రం చేయడం

పై జాలీ, మెట్లని అదిమి పట్టే పట్టీ తీశాక ఫోన్లో రెండు ఫోటోలు తీసుకోండి. ప్రతి మెట్టు మీద కనబడని చోట పెన్సిల్‌తో అంకె వేయండి. 37 మెట్ల పెట్టె అయినా 42 మెట్ల పెట్టె అయినా ఇది తప్పదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయిగానీ చేత్తో చేసిన పెట్టెలో ఒకదాని స్థానంలో ఇంకోటి పట్టదు.

గుళ్ళో పెట్టె అయితే లోపల విభూతి, కుంకుమ, చక్కెర పలుకులు, అక్షింతలు అన్నీ ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో, వీలైతే వాక్యూమ్‌తో తీయండి. నోటితో ఊదకండి, తుంపర రీడు మీద పడి చిలుమెక్కుతుంది, దుమ్ము రీడు సందులో ఇరుక్కుంటుంది. ఎలుక కొరికిన తోలు కనబడితే ఆ మెట్టుని పక్కన పెట్టండి, దాని సంగతి తర్వాత.

4. రాపిడి: చాలా బరువు ఇక్కడే ఉంటుంది

ఇక్కడ చెప్పే లెక్క పియానో మెకానిక్కులు వాడేదే, మన పెట్టెకీ పనికొస్తుంది. మెట్లు మళ్ళీ తాత్కాలికంగా బిగించి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టి, వాయించేవాళ్ళు వేసే బలంతోనే గాలి వేయమనండి. గాలి లేకుండా కొలిస్తే మెట్టు ఉన్నదానికంటే బరువుగా కనబడుతుంది, ఎందుకంటే గాలి తోపు మన వేలికి సాయం చేస్తుంది.

తూనికరాళ్ళు అక్కర్లేదు. పది రూపాయల బిళ్ల సుమారు 7.7 గ్రాములు. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు, పక్క మెట్టుకి తగులుతుంది కాబట్టి మెట్టు ముందు అంచు మీద చిన్న చెక్కముక్క పెట్టి బిళ్లలు దాని మీద పేర్చండి. చెక్కముక్క బరువు కూడా కలుపుకోవాలి. ఎన్ని బిళ్లలకి మెట్టు నెమ్మదిగా పూర్తిగా దిగుతుందో రాసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ తీస్తూ, ఎన్ని మిగిలినప్పుడు మెట్టు తనంతట తాను లేస్తుందో రాసుకోండి.

ఒక మెట్టు 5 బిళ్లలకి దిగి, 2 బిళ్లలు మిగిలినప్పుడు లేచిందనుకుందాం. చెక్కముక్క సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. దిగడానికి దాదాపు 38 గ్రాములు, లేవడానికి 15. తేడా 23, అందులో సగం, అంటే 11 పైచిలుకు, రాపిడి. రెండిటికీ మధ్య ఉన్న 27, గాలి తోపు పోగా మిగిలిన స్ప్రింగు వాటా. ఇప్పుడు రాపిడిని 4 గ్రాములకి తగ్గించగలిగితే మెట్టు 31కే దిగుతుంది. స్ప్రింగుని ముట్టుకోలేదు, గాలి కారలేదు, 7 గ్రాములు తగ్గింది. పైగా వేలు తీయగానే మెట్టు ముందుకంటే చురుగ్గా లేస్తుంది. వేగంగా వాయించేవాళ్ళకి ఆ లేవడమే అసలు సుఖం.

రాపిడి ఎక్కడుందో కనుక్కోవడానికి మెట్టుని తీసి పక్కల్ని వెలుతురుకి పెట్టి చూడండి. ఒరుసుకునే చోట చెక్క నున్నగా మెరుస్తుంది. అక్కడ 320 నంబరు గరుకు కాగితంతో రెండే రెండు సార్లు రుద్ది, పెట్టి చూడండి. రెండు మెట్ల మధ్య విజిటింగ్ కార్డు తేలిగ్గా దూరితే చాలు, అంతకంటే సందు పెరిగితే ఎండాకాలం టకటకమంటాయి. ఇరుసు తీగకి తుప్పు ఉంటే తుడిచి, మెత్తటి 4బి పెన్సిల్ సీసం పూయండి. రంధ్రం లోపల కూడా పెన్సిల్ మొన తిప్పండి.

నూనె మాత్రం ఏ రకమైనా సరే వద్దు. కొబ్బరినూనె, మిషను నూనె, స్ప్రే డబ్బాల సరుకు, ఏదైనా చెక్కలోకి ఇంకి ఉబ్బిస్తుంది, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. వారం బాగుంటుంది, ఆ తర్వాత ముందుకంటే అధ్వానం.

5. తోలు

సన్నటి కాగితం పట్టీ ఒకటి కత్తిరించి మూత కింద పెట్టి, మెట్టు వదిలేసి, మెల్లగా లాగండి. నాలుగు వైపులా ఒకేలా పట్టుకుంటే తోలు బాగున్నట్టు. ఒక మూల జారిపోతే గాలి పోయేది అక్కడే. మెట్టు తీసి చూస్తే రంధ్రం ఆకారం తోలు మీద గాడిలా అచ్చు పడి ఉంటుంది. గాడి పల్చగా ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తోలు నూగు లేపితే ఇంకొన్నాళ్ళు వస్తుంది. గట్టిపడి అట్టలా అయితే మార్చాల్సిందే.

కావాల్సింది మెత్తటి, పల్చటి గొర్రె తోలు. చెప్పుల లోపలి లైనింగుకి వాడే రకం ఒంగోలులోనూ నెల్లూరులోనూ చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, ఎక్కువ కావాలంటే చెన్నై పెరియమేట్ ఉండనే ఉంది. మన నెల్లూరు గొర్రె ఉన్ని గొర్రె కాదు, వెంట్రుక గొర్రె. అలాంటి గొర్రెల తోలు బిగువుగా, సమంగా ఉంటుందని తోలు పనివాళ్ళు ఇష్టపడతారు. కొనేటప్పుడు మడత పెట్టి చూడండి, మడత దగ్గర గీత మిగలకూడదు.

నున్నటి వైపు చెక్కకి, నూగు వైపు రంధ్రానికి రావాలి. తిరగేసి అంటిస్తే పలికేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు చేస్తుంది, మూత కూడా సరిగా కూర్చోదు. ఫెవికాల్ చెక్కకి మాత్రమే పల్చగా పూయండి. తోలుకి పూస్తే ఇంకి గట్టిపడుతుంది. అంటించాక చదునైన బల్ల మీద బోర్లించి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి.

ఒక్క మెట్టుకి కొత్త తోలు వేస్తే దాని వెనక కొస కాస్త లేచి, ముందు కొస మిగతావాటికంటే కిందికి వస్తుంది. కంగారు పడకండి, కొన్నాళ్ళకి తోలు అణుగుతుంది. దీన్ని తిరగేసి చూస్తే రోగం పట్టుకోవచ్చు: ఏ మెట్టు ముందు కొస పైకి తేలి ఉందో దాని తోలు అణిగిపోయినట్టు, ఏది కుంగి ఉందో దాని మూత కింద చెత్త ఉన్నట్టు.

6. లెవెల్, లోతు

లెవెల్ చూడటానికి పొడవాటి స్టీలు స్కేలు మెట్ల మీద అడ్డంగా పెడితే చాలు. ఎగుడుదిగుళ్ళకి ఇరుసు దగ్గర కాగితపు బిళ్లలు చేర్చడమో తీయడమో చేయండి.

లోతు దగ్గర ఆగి ఓపిగ్గా చేయాలి. మెట్టు ముందు కొస కింద ఉన్న ఫెల్టు మందాన్ని బట్టి అది ఎంత దిగుతుందో ఉంటుంది. మందం పెంచితే లోతు తగ్గి, వేలు త్వరగా తిరిగొస్తుంది. కానీ మరీ తగ్గిస్తే వెనక మూత చాలినంత లేవదు. రీడుకి గాలి ఊపిరాడక స్వరం మూగగా, కాస్త దిగువగా పలుకుతుంది. ఇది ముందు బయటపడేది మంద్రస్థాయిలో, పెద్ద రీడ్ల దగ్గర. కాబట్టి కొలత పట్టుకుని కూర్చోకుండా చెవిని నమ్మండి. మంద్రంలో చివరి సా మెట్టు కింద పల్చటి ఫెల్టు పట్టీ ఒకటి పెట్టండి, వాయించండి. ఇంకోటి పెట్టండి, వాయించండి. శబ్దం ముడుచుకున్నట్టు తెలిసిన చోట ఆఖరి పట్టీ తీసేయండి. అదే ఆ పెట్టెకి కనీస లోతు. వినేటప్పుడు స్టాపులన్నీ లాగి ఉండాలి, రెండు వరసల రీడ్లు కలిసి పలికినప్పుడే గాలి కొరత తెలుస్తుంది.

నాటకాల హార్మోనిస్టుకి ఆ కనీస లోతుకి దగ్గరగా పెట్టండి. పిల్లలకి ఇంకాస్త లోతు వదలండి, వేలు కిందికి పోయిన సంగతి తెలియాలి కదా.

7. ఇప్పుడు స్ప్రింగు

ఇక్కడిదాకా వచ్చేసరికి సగం పెట్టెలకి ఈ పని అక్కర్లేకుండా పోతుంది. అవసరమైతే ముందు మూడు మెట్లే ఎంచుకోండి: మంద్రంలో ఒకటి, మధ్యలో ఒకటి, తారస్థాయిలో ఒకటి. స్ప్రింగు మొదట్లో, చుట్ట దగ్గర, ముక్కు శ్రావణంతో పట్టుకుని వెంట్రుకవాసి వంచండి. మధ్యలో తీగని వంచితే అక్కడ కోణం పడి త్వరగా విరుగుతుంది. ఇత్తడి స్ప్రింగు అయితే పదేపదే అటూ ఇటూ వంచకూడదు, అది అలిసిపోతుంది. కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉక్కు స్ప్రింగుకి తుప్పు భయం. తుప్పు పట్టిన స్ప్రింగుని వంచే బదులు మార్చేయడం మేలు.

వంచిన ప్రతిసారీ పరీక్ష ఒకటే. స్టాపులన్నీ లాగి, మెట్టు ఏదీ నొక్కకుండా, వాయించేవాళ్ళు ఎప్పుడన్నా వేసే గరిష్ఠ బలంతో బెల్లోస్ వేయాలి. ఏ మెట్టయినా కూసిందంటే హద్దు దాటారు. వెనక్కి వంచి, మూత కూసిన చోటు కంటే కొంచెం ఎక్కువ బలం మిగల్చండి. కాటి సీను పద్యం రాగం తీసేటప్పుడు హార్మోనిస్టు చేయి మీ వర్క్‌షాప్‌లో ఉన్నంత నెమ్మదిగా ఉండదు.

మంద్రం వైపు రంధ్రాలు పెద్దవి కాబట్టి అక్కడ స్ప్రింగు కాస్త బిగువుగా ఉండాలి, తారం వైపు తగ్గుతూ రావాలి. ఈ తగ్గడం వేలికి తెలియకుండా మెట్టు మెట్టుకీ కొంచెం కొంచెంగా జరగాలి. అన్నిటికీ సమానంగా పెడతానని పట్టుబడితే తారంలో అనవసరంగా బరువు మిగులుతుంది.

8. కప్లర్ ఉంటే

కప్లర్ లాగితే ఒక మెట్టు నొక్కినప్పుడు పక్క స్థాయిలో అదే స్వరం మెట్టు కూడా కదులుతుంది, అంటే రెండు స్ప్రింగుల బరువు ఒకే వేలి మీద. "అన్నా, కప్లర్ వేస్తే వేళ్ళు లాగేస్తున్నాయి" అని ఎవరన్నా అంటే అది లోపం కాదని ముందు చెప్పండి. కప్లర్ తీగల దగ్గర రాపిడి తగ్గించడం, జతమెట్టు పూర్తిగా లేస్తుందో లేదో చూసి తీగ వంపు సర్దడం, ఇంతవరకే మన చేతిలో ఉంది. స్టేజీ మీద మైకు ఉన్నప్పుడు కప్లర్ లేకుండా వాయించమనండి, చేతికి సుఖం, వినేవాళ్ళకి తేడా పెద్దగా తెలియదు.

స్కేల్‌చేంజర్ (శ్రుతి మార్చుకునే) పెట్టెలో మెట్టు వేరు, మూత వేరు. మెట్ల పలక మొత్తం పక్కకి జరిగి వేరే మూతల మీద కూర్చుంటుంది. ఒక శ్రుతిలో సర్దింది ఇంకో శ్రుతిలో తప్పుతుంది. అనుభవం లేకుండా దాన్ని విప్పకండి, శుభ్రం చేయడం దగ్గరే ఆపండి.

9. ఎప్పుడు చేయాలి

మనకి వానలు ఎక్కువ పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ముసురు పట్టిన రోజుల్లో చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి. అప్పుడు గరుకు కాగితంతో రుద్దితే మే నెల వడగాలికి అవే మెట్లు వదులై ఊగుతాయి. వానల్లో ఇరుక్కున్న మెట్టుకి ముందు మందు ఆరబెట్టడమే: పెట్టె జాలీ తీసి, పొడిగా ఉన్న గదిలో ఫ్యాను కింద రెండు రోజులు ఉంచండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, అతుకులు ఊడతాయి. పూర్తి సర్దుబాటు సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు పెట్టుకోండి. శివరాత్రి, శ్రీరామనవమి కార్యక్రమాలకి పెట్టె సిద్ధంగా ఉంటుంది.

పని అయ్యాక ఒక వారం వాయించనిచ్చి మళ్ళీ తెప్పించుకోండి. కొత్త తోలు అణిగాక లెవెల్, లోతు రెండూ కొద్దిగా కదులుతాయి, అప్పుడు ఇరుసు దగ్గర కాగితపు బిళ్ల ఒకటి తీసో వేసో సరిచేయాలి. ఇంతా చేశాక కూడా ఒక స్వరం ఆలస్యంగా పలుకుతోందంటే అది మెట్టు తప్పు కాదు. రీడు నాలిక మరీ లేచో, మరీ ఆనుకునో ఉంటుంది. అది రీడ్లు శ్రుతి చేసేవాళ్ళ పని, వాళ్ళ దగ్గరికే పంపండి.